కొమ్ముగారికి నచ్చినవి, నచ్చనివి

ఆ పుస్తకాల కంపెనీలో ప్రూఫ్‌రీడర్‌ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆయన కొమ్ముగారే. తాగుడు మానమని ఊరూరా తిరిగి చెప్పే ఒక పెద్దాయన పుస్తకానికి ప్రూఫులు దిద్దినప్పుడు వచ్చిన బిరుదది. రెండు వందల పేజీల్లో ఒక్క అక్షరం పొల్లుపోకుండా చూశారు. మొదటి పేజీ నెత్తిన బొటనవేలంత అక్షరాలతో ఉన్న ‘ముందుమాట’లో మాత్రం కొమ్ము ఎగిరిపోయింది. ‘మందుమాట’ అని వెయ్యి కాపీలు అచ్చయిపోయాయి. వారం రోజులు గోదాము నేలమీద చతికిలబడి, వెయ్యి పుస్తకాల్లో వెయ్యి చీటీలు ఆయనే అంటించారు. చిన్న అక్షరాలకు అలవాటుపడ్డ కళ్లకి పెద్దవి ఆనవని సంజాయిషీ చెప్పబోయారు గానీ, ఆ మాట ఆయనకే నమ్మబుద్ధి కాలేదు.

నిజానికి ఆయన అక్కడ చేరింది ప్రూఫులు దిద్దడానికి కాదు. ఆరు నెలలుండి, తన నవల అచ్చేయించుకుని, దర్జాగా బయటికి నడుద్దామని చేరారు. ఎడిటర్‌గారు నవలంతా చదివి, “భాషలో ఒక్క తప్పు లేదండీ” అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. ఆ ఆరు నెలలూ ఇరవై మూడేళ్లయ్యాయి.

కంపెనీ యజమాని తప్పుకుని ఆయన కూతురు చిన్నమేడం పనులు చూసుకోవడం మొదలుపెట్టిన నెలలోనే అందరి బల్లలమీదకీ ఒక కాగితం వచ్చింది. ఇక్కడ పనిచేయడంలో మీకు నచ్చినవేమిటి, నచ్చనివేమిటి, దాచకుండా రాయండి, పేరు అక్కర్లేదు అని దాని సారాంశం. రాసినదాన్ని మెట్ల పక్కనున్న అట్టపెట్టెలో వెయ్యాలి.

కొమ్ముగారు నచ్చనివాటితో మొదలుపెట్టారు. కాగితం చాలక రెండోది తీసుకున్నారు. ఆఖరి ప్రూఫులో కథ ముగింపు మార్చే రచయితలు. మూడు కాళ్లమీద నిలబడి నాలుగోదాన్ని అలంకారంగా ఉంచుకున్న కుర్చీ. ఆయన మాట్లాడటం మొదలుపెట్టగానే ఆవలించే ఎడిటర్‌గారు. ఇన్నేళ్లలో పొరపాటున కూడా “బాగా దిద్దారు” అనని లోకం. తప్పు దొర్లితే తన పేరు, దొర్లకపోతే రచయిత పేరు. రాస్తుంటే ప్రాణం హాయిగా ఉంది. నచ్చినవి అన్న చోటికి వచ్చేసరికి కలం ఆగిపోయింది. అరగంట చూసి, ఖాళీగానే వదిలేసి, పెట్టెలో పడేశారు.

భోజనాల దగ్గర అక్షరాలు కూర్చే అమ్మాయి నవ్వుతూ, ఆ కాగితంలో ‘అభిప్రయాలు’ అని తను తప్పు కొట్టేశానని, ఎవరూ పట్టుకోలేదని చెప్పింది. కొమ్ముగారు కలిపిన ముద్దని కంచంలోనే వదిలేశారు. ఎవరూ పట్టుకోకపోవడమేం, దీర్ఘం పెట్టి, పక్కన మార్జిన్‌లో గుర్తు వేసి మరీ దిద్దింది ఆయనే. అదీ ఎర్రసిరాతో. ఆ ఆఫీసులో ఎర్రసిరా వాడేది ఒక్కరే. పేరు రాయకుండా ఇంత స్పష్టంగా సంతకం పెట్టిన మొనగాడు ఇంకెవడైనా ఉంటాడా అని తనను తానే తిట్టుకున్నారు.

అందరూ చేతులు కడుక్కునే లోపల, స్కేలు చివర జిగురు రాసి, పెట్టె కన్నంలో దూర్చి గెలకసాగారు. కాగితం అంటుకుంది. దానితోపాటు పెట్టె మూత కూడా అంటుకుంది. రెండో చేత్తో విడిపించబోతే చొక్కా కఫ్ కూడా చేరింది. ఆ అవతారంలో ఉండగా మెట్లు దిగి వస్తూ చిన్నమేడం కనిపించారు.

“మీదేనా?” అని అడిగారామె.

“అచ్చుతప్పు దిద్దుదామనండీ” అన్నారు కొమ్ముగారు.

ఆమె లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, రెండు కాగితాలూ ఆయన ఎదుటే చదివారు. ఎడిటర్‌గారి ఆవలింత దగ్గర ఆమె పెదవి బిగించడం కొమ్ముగారి కంటపడింది. ఉద్యోగం ఊడడం ఖాయమనుకుని, బల్ల సొరుగులో ఏమేం తీసుకెళ్లాలో మనసులోనే సర్దేసుకుంటున్నారు.

“నచ్చినవాటి దగ్గర ఏమీ రాయలేదు. మరి ఇన్నేళ్లు ఎందుకున్నారు?”

ఆయన రేపు రాసి తెస్తానని లేచొచ్చేశారు.

సాయంత్రం ఇంట్లో భార్య కూరలు తరుగుతుంటే జరిగిందంతా చెప్పారు. నచ్చింది ఒక్కటీ తోచడం లేదని వాపోయారు. ఆవిడ తలెత్తకుండానే అడిగింది.

“అది సరేగానీ, నిన్న సగంలో ఆపారే, ఆ పడవ నడిపే పిల్ల, తండ్రి దగ్గరికి తిరిగి వెళ్లిందా?”

“వెళ్లింది. కానీ అతను తలుపు తియ్యలేదు.”

ఆవిడ కత్తి పక్కన పెట్టేసింది. “ఎందుకు తియ్యలేదు?”

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. పొయ్యిమీద నీళ్లు మరిగి మరిగి సగమయ్యాక గానీ ఇద్దరికీ తెలివిరాలేదు. ఇరవై మూడేళ్లుగా రోజూ జరుగుతున్నదే ఇది. దుకాణాల్లోకి రాకముందే ప్రతి పుస్తకం ఈ వంటింట్లోకి వచ్చేది. ఆయన కాగితం అందుకుని, ఈసారి జాగ్రత్తగా నీలిసిరాతో రాశారు: ‘అందరికంటే ముందు చదవడం. చదివింది ఇంటికెళ్లి చెప్పడం.’

అది చదివి చిన్నమేడం, ఇంట్లో ఏ పుస్తకం ఎక్కువ నచ్చిందని అడిగారు. కొమ్ముగారు వేళ్లమీద లెక్కపెట్టి మూడు చెప్పారు. ఆ మూడూ నాలుగేసి సార్లు అచ్చయినవే. మర్నాటినుంచి, ఏ రాతప్రతి తీసుకోవాలో తేల్చే సమావేశానికి ఆయన్ని కూడా రమ్మన్నారు. మొదటిరోజు చొక్కాకి ఇస్త్రీ చేసుకుని వెళ్లి, అంతసేపూ మాట్లాడకుండా అందరి కాగితాల్లో తప్పులు దిద్ది వచ్చారు.

రెండోసారి మాత్రం తప్పించుకోలేకపోయారు. ఎడిటర్‌గారు ఎంతో మనసుపడి తెచ్చిన ఒక పెద్ద నవలను అందరూ ఇంటికి తీసుకెళ్లి చదివొచ్చి మెచ్చుకున్నాక, చిన్నమేడం ఇటు తిరిగారు.

“మీ ఇంట్లో ఏమన్నారండీ?”

కొమ్ముగారు గొంతు సవరించుకున్నారు. “మూడో అధ్యాయం చెబుతుంటే నిద్రపోయిందండీ. నేను చూసుకోకుండా అయిదో అధ్యాయం దాకా చెప్పుకుంటూ పోయాను.”

గది గదంతా నవ్వింది, ఎడిటర్‌గారు తప్ప. నవలను మూడో అధ్యాయం నుంచి తిరగరాయమని రచయితకు పంపించారు. ఆ రోజు మొదలు ఎడిటర్‌గారు కొమ్ముగారితో మాట్లాడటం మానేశారు. ఆవలింతలు కూడా మానేశారు. కొమ్ముగారికి ఈ రెండిట్లో ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో ఇంకా తేలలేదు.