వాడని పువ్వు

పది రోజుల కిందట మా మనవరాలు పింగాణీ కుండీలో గుప్పెడంత నాగజెముడు మొక్క తెచ్చిచ్చింది. దాని నెత్తిన ఎర్రటి పువ్వు. వారం దాటినా వాడని పువ్వును నేను నమ్మను.

మా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, దేవరకొండ వైపు చేల చుట్టూ నాగజెముడే కంచె. ఎండలకు ముడతలు పడేది, ఒక్క వానకే ఉబ్బేది. పొద్దున విచ్చిన పసుపు పువ్వు మర్నాటికి ముడుచుకునేది. ఒక ఎండాకాలం బావి అడుగంటితే మా అవ్వకు ఆ కంచె మీదే అనుమానం వచ్చింది.

“గిన్ని ఎండలల్ల గది పచ్చగ ఎట్లున్నదిరా? మన బాయి నీళ్లే తాగుతాంది. పీకెయ్!” అంది బాపుతో.

బాపు ఒక మట్ట కోసి, లోపలి జిగట నీరు చూపించాడు. “వాన పడ్డప్పుడే తాగి కడుపుల దాసుకున్నదే అవ్వా.”

అవ్వ వేలు పెట్టి చూసింది. “గదే చెప్తున్న. దొంగసొమ్ము దొరికిందా, లేదా?”

పీకితే మేకలు చేలో పడతాయని మాత్రం కంచెను వదిలేసింది.

నాకూ అవ్వ బుద్ధే వచ్చింది. నిన్న ఆ ఎర్ర పువ్వును పట్టి లాగాను. గమ్ముతో సహా ఊడి చేతికొచ్చింది.

“అవ్వా, చెట్టును చంపినవ్!” అని మనవరాలు అరిచింది.

“పువ్వొక్కటే అబద్ధం బిడ్డా, ముండ్లు అసలువే” అని రక్తం కారుతున్న వేలు చూపించాను.