వెనక కిటికీ గురించి చెప్పిన మనిషి

దయ్యాల సంగతులు చెప్పేవాళ్లను చూస్తే నాకు మొదటినుంచీ చిరాకు. ఒక కాలేజీ లైబ్రరీలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. పై అంతస్తులో ఎవరో నడుస్తున్నారని అటెండర్లు భయపడితే, నేనే ఎక్కి చూసి అవి పావురాలని చెప్పినదాన్ని. అందుకే ఇది రాయడానికి ఇంతకాలం పట్టింది.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డుకు కాస్త లోపలగా ఒక వెంచర్‌లో ఇల్లు కట్టుకున్నాం. అప్పట్లో ఎటు చూసినా కొత్త వెంచర్ల బోర్డులే. ప్లాట్లు కొన్నవాళ్లు మాత్రం ఇళ్లు కట్టేవాళ్లు కాదు. మా చుట్టూ హద్దురాళ్లు, తుమ్మచెట్లు. మా ఆయన నర్సింహ బస్ డిపోలో మెకానిక్. అమ్మాయి శ్రావ్య ఇంటర్ రెండో సంవత్సరం. మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చి, సాయంత్రం నేను వచ్చేదాకా ఒక్కతే ఉండేది.

రెండు వీధుల అవతల ఒక ఇంట్లో పట్టపగలే దొంగలు పడ్డారు. ఇంటావిడను బాత్రూంలోకి తోసి, బయట గడియ పెట్టి, దొరికింది పట్టుకుపోయారు. ఆ మాట విన్నప్పటినుంచి లైబ్రరీలో నాకు కాలు నిలవలేదు. గంటకోసారి శ్రావ్యకు ఫోన్ చేసేదాన్ని. "మమ్మీ, నువ్విట్ల చేస్తే నేనెట్ల చదువుకోవాలె?" అని విసుక్కునేది. కెమెరాలు పెట్టిద్దామని అప్పుడే నిర్ణయించుకున్నాం.

మొదట సిటీలోని పెద్ద కంపెనీకి ఫోన్ చేస్తే ఒకతను ఇల్లు చూడటానికి వచ్చాడు. సైరన్, తలుపులకు సెన్సర్లు, ఫోన్‌లో యాప్, అన్నీ వివరించాడు. వెనకవైపు చూసొస్తానని వెళ్లి ఐదు నిమిషాలకు తిరిగొచ్చాడు.

"వాష్ ఏరియా కిటికీ గొళ్లెం పడ్తలేదట గదా మేడం. పెద్దమ్మ చెప్పింది."

"ఏ పెద్దమ్మ?"

"వెనక నిల్చున్నది గదా. మీ అత్తమ్మ అనుకున్న."

మా ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరు. వెంటనే వెళ్లి చూశాను. ఎవరూ లేరు. వెనక గేటు లేదు. ప్రహరీ నా తలకంటే ఎత్తు. పక్క సందులోంచి ముందుకు రావాలంటే నన్ను దాటుకునే రావాలి. ఎక్కడైనా ఇల్లు కడుతున్న కూలీ అయ్యుంటుందని సర్దిచెప్పుకున్నాను. కిటికీ మూసే ఉంది. దాన్ని తోసి చూడాలని కూడా తోచలేదు.

ఆ కంపెనీలో, ఏదైనా చెడిపోతే ఎవరొస్తారని అడిగితే ఒక నంబరు ఇచ్చి ఊరుకున్నారు. నర్సింహకు అది నచ్చలేదు. "ఫోన్ చేస్తే వచ్చెటోడు కావాలె" అన్నాడు. బజారులో ఎలక్ట్రికల్ షాపు ఉన్న యాదగిరిని పిలిచాడు. అప్పటికి పది రోజులైంది. సిటీ నుంచి వచ్చినతను చెప్పిన సంగతి నేను శ్రావ్యకు గానీ నర్సింహకు గానీ చెప్పలేదు.

యాదగిరి ఒక్కడే వెనక్కి వెళ్లి కొలతలు తీసుకుని వచ్చాడు. చెప్పులు వేసుకుంటూ, "అక్కా, ముందుగాల ఆ వెనక కిటికీ చూసుకోర్రి. పెద్దమ్మ రెండుసార్లు చెప్పింది" అన్నాడు.

ఆమె ఎలా ఉందని అడిగాను.

"చేతుల నిండ పచ్చబొట్లున్నయ్. గొంతు జర బొంగురు. ఎందుకక్కా, మీ ఇంటామె కాదా?"

ఈసారి కిటికీని బయటినుంచి తోసి చూశాను. మెత్తగా తెరుచుకుంది. గొళ్లెం పడినట్టే కనిపిస్తుంది గానీ చట్రంలో పట్టు లేదు. ఇల్లు కట్టినప్పటినుంచీ అది అలాగే ఉందన్నమాట.

పని యాదగిరికే ఇచ్చాం. నాలుగు కెమెరాలు బిగించి, ఆ కిటికీకి గట్టి గడియ కూడా వేశాడు.

మూడు వారాల తర్వాత ఒకరోజు శ్రావ్య జ్వరంతో మధ్యాహ్నమంతా పడుకుంది. సాయంత్రం నేను ఇంట్లో అడుగుపెట్టగానే, "మమ్మీ, ఇందాక వచ్చి మళ్ల పోయినవా? వెనక ఎవలతోనో మాట్లాడినవ్. నీ గొంతేంది, గట్లయింది?" అంది.

నేను రాలేదు.

వెనకవైపు కెమెరా రికార్డు తిప్పి చూశాను. మధ్యాహ్నం ఇద్దరు మగవాళ్లు గోడ దూకారు. ఒకడు కిటికీని తోశాడు. కొత్త గడియ ఊడలేదు. రెండోవాడు ఇనుపరాడ్ సందులో దూర్చాడు. అంతలో ఇద్దరూ ఒక్కసారే తిరిగి కెమెరా కిందికి చూశారు. వాళ్లు ఉలిక్కిపడలేదు, పరిగెత్తలేదు. ఆ రెండోవాడు రాడ్ నేలమీద పెట్టి, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఏదో అన్నాడు. ఏదో విన్నాడు. తలూపాడు. తర్వాత ఇద్దరూ మెల్లగా గోడెక్కి వెళ్లిపోయారు. ఆ కెమెరాకు మాటలు రికార్డు కావు.

సరిగ్గా కెమెరా కింద ఉన్న చోటు మాత్రం అందులో కనిపించదు. అక్కడ ఎవరైనా ఉంటే బయటికి రావడానికి కెమెరా ముందునుంచే నడవాలి. నర్సింహ ఇంటికి వచ్చాక, అప్పటిదాకా ఉన్న రికార్డంతా ఇద్దరం కూర్చుని చూశాం. ఎవరూ రాలేదు. రాడ్ అక్కడే పడి ఉంది.

పోలీసులు రాడ్ తీసుకెళ్లారు. "వీళ్లు ఎవలతోని మాట్లాడుతున్నరు?" అని ఎస్సై నన్నే అడిగాడు. ఆ దొంగలు దొరకలేదు. ఆ నేలలో ముందు ఏముండేదని కూడా వాకబు చేశాను. ఆముదం చేను. అక్కడ ఎవరూ చనిపోలేదు, ఏ సమాధీ లేదు.

యాదగిరి వచ్చి రికార్డు మూడుసార్లు చూశాడు. "ఇంకో కెమెరా ఎదురుగ పెడదమా అక్కా? ఆ మూల కూడ కనవడ్తది" అన్నాడు. నర్సింహ సరేనన్నాడు. నేనే వద్దన్నాను. ఎందుకని మా ఆయన ఇప్పటికీ అడుగుతాడు. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. మరి ఆ మధ్యాహ్నం నా కూతురు విన్న గొంతు ఎవరిదంటే, అదీ చెప్పలేను.

నేను వద్దన్న ఆ రోజు, యాదగిరి వెంట తెచ్చిన నిచ్చెన మడిచి భుజానికెత్తుకుని, వెళ్లబోతూ వాష్ ఏరియా దగ్గర ఆగాడు. అటు తిరిగి, "పోయొస్త పెద్దమ్మా" అన్నాడు. జవాబు కోసమన్నట్టు ఒక్క క్షణం నిలబడి, నా ముఖం చూడకుండా గేటు తీసుకుని వెళ్లిపోయాడు.