లినక్స్‌కి మారిన రోజు

ఫోను మోగుతూ మోగుతూ సగంలో ఆగిపోతే నాకిప్పటికీ ఆ అమ్మాయే గుర్తొస్తుంది.

మార్కాపురంలో గిద్దలూరు బస్సెక్కి నా పక్కన కూర్చుంది. బ్యాగు సర్దుకునేలోపే ఫోను మోగింది.

"చెప్పక్కా. స్క్రీన్ మీద ఏం రాసుండాదో చదువు... నీకేమనిపిస్తాంది? అయితే అదే చెయ్యి."

పెట్టేశాక తనే చెప్పింది. అక్కడొక పలకల ఫ్యాక్టరీలో బిల్లింగు, స్టాకు, జీతాలు చూసే సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని విండోస్ నుంచి లినక్స్‌కి మార్చిందట. కొత్తదాంట్లో మొదటి బిల్లు ఆ రోజే కొడుతున్నారు. లారీ లోడై, ఆ బిల్లు కోసమే బయట నిలబడి ఉంది.

"అట్లాంటప్పుడు వదిలేసి వచ్చినావేందమ్మా?" అన్నాను, కాస్త కోపంగానే.

"నేను పక్కనుంటే బిల్లు కొట్టే ఆ యక్క కీబోర్డు నాకే ఇస్తాది పెద్దమ్మా. అందుకే మొదటి బిల్లు రోజు ఏ ఊళ్లోనైనా బస్సెక్కేస్తా. పాత సాఫ్ట్‌వేర్ కూడా పక్కనే ఉంచి వచ్చినాలే, లారీ అయితే ఆగదు. కానీ భయపడి ఆ పాతదాంట్లోనే కొట్టినారంటే మళ్లీ కొత్తదాన్ని ముట్టుకోరు. నా ఆర్నెల్ల పని పోయినట్టే."

కంభం దాటాక మళ్లీ అదే నంబరు. ఆమె ఎత్తలేదు. ఫోనును ఒళ్లో బోర్లించి, దాని మీద అరచెయ్యి పెట్టింది. ఎత్తమ్మా అని నేను అనబోతుండగానే మోత సగంలో ఆగిపోయింది.

గిద్దలూరు వచ్చేదాకా మళ్లీ మోగలేదు. ఆమె చెయ్యి కూడా తియ్యలేదు.

దిగేముందు, "ఆ యక్కే చేసుకునింది పెద్దమ్మా," అని నవ్వి, అరచేతి చెమటను చున్నీకి తుడుచుకుంది.