భూమికి ప్లస్

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళంతా బంగారమో, టీవీయో తెచ్చుకునే ఆ కాలంలో నేను మాత్రం ఒక రోగాన్ని తెచ్చుకున్నాను. దుబాయిలో మూడేళ్ళు ఒక షేకుగారి కార్లు కడిగాను. వాటిలో పాత ఇంగ్లండు కార్లంటే నాకు ప్రాణం (నడిపేవాడు దిగగానే మరిచిపోతాడు, కడిగేవాడికే ప్రేమ పుడుతుంది). 2010లో ఎల్లారెడ్డికి తిరిగొచ్చి, మా బాపు ట్రాక్టరు కోసం దాచమన్న డబ్బుతో దోమకొండ దగ్గర ఒక ఊళ్ళో గడ్డివాము వెనక తుప్పు పడుతున్న విలాయతి స్పోర్ట్స్ కారు కొన్నాను. పైకప్పు లేదు, సీట్లు రెండే. కంపెనీ పేరు చెప్పను. జరిగినదాంట్లో దాని తప్పేమీ లేదు.

దాన్ని లారీ మీద ఇంటికి తెచ్చిన రోజు బాపు దాని చుట్టూ ఒకసారి తిరిగి (ప్రదక్షిణ అనుకునేరు, అంగట్లో ఎద్దును చూసే తిరుగుడు అది), ముందున్న జాలీ దగ్గర వంగి, "పండ్లు మంచిగనే ఉన్నయ్, దున్నుతదా మరి?" అని అడిగాడు. మా చిన్నమ్మ లోపలికి తొంగిచూసి మిగిలిన సగం కారు ఎప్పుడొస్తది బిడ్డా అంది. చివరికి బాపు ఒక ఒప్పందానికి వచ్చాడు. "వచ్చే యేడు నీ తమ్ముని పెండ్లి ఉంది గద. పిల్లగాన్ని దీన్ల ఫంక్షన్ హాలు దాక తీస్కపో. పోయినవా, ఉంచుకో. నడుమల ఆగిందా, అమ్మి ట్రాక్టర్ తెద్దాం." తమ్ముడంటే చిన్నమ్మ కొడుకు. ఇల్లు ఊరికి ఈ కొస, హాలు ఆ కొస. నడిచినా అరగంట పట్టదు. ఆ కాస్త దూరం కోసం నేను ఏడాదిపాటు కామారెడ్డి చుట్టూ తిరిగాను.

కామారెడ్డిలో పానా చాచా అని ఒక ముసలి మెకానిక్ ఉండేవాడు. ఈ కారు నట్లన్నీ ఇంచుల లెక్కవి, మనవాళ్ళ పానాలన్నీ మిల్లీమీటర్లవి. ఊరు మొత్తానికి ఇంచుల పానాలు ఉన్నది ఆయన దగ్గరే కాబట్టి ఆ పేరు. కారు పెట్రోలు తాగేది, చాచా నా చాయ్ తాగేవాడు, నేను ఇంట్లో మాటలు పడేవాణ్ణి. రెండుసార్లు వైర్లు కాలాక చాచాకు దాని గుట్టు దొరికింది. "బేటా, ఇది ఉల్టా ఖోప్డీ. దునియాల అన్ని బండ్లకు మైనస్ బాడీకి కడితే, దీనికి ప్లస్ కట్టాలె. ప్లస్ ఎర్త్. సీదా జేసినవా, ఖతం." బ్యాటరీ తిప్పి కట్టగానే ఇంజను పిల్లికూనలా గురగురలాడింది. ఆ సంబరంలో ఇంటికొచ్చి బాపుకు వివరించాను. ఎర్తంటే భూమి బాపు, ఈ కారుకు భూమి ప్లస్ అన్నాను.

బాపు చాలాసేపు నవ్వాడు. "భూమికి ప్లస్ ఏందిరా? ముప్పై ఏండ్ల సంది ఎవుసం జేస్తున్న, భూమికి మైనస్ తప్ప ప్లస్ ఎన్నడు జూడలే."

పెళ్ళిరోజు పొద్దున కారుకు బంతిపూలు కట్టాం, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాం. బాసింగంతో తమ్ముడు పక్కన కూర్చున్నాడు. తోటి పెళ్ళికొడుక్కి సీటు లేక వాడు ఆటోలో వెనక వచ్చాడు. రెండు వీధులు రాజుల్లా వెళ్ళాం. మూడో మలుపులో స్టీరింగు కింద నుంచి సాంబ్రాణి పొగలాంటిది లేచింది. ఎవరో అగరుబత్తులు బాగున్నాయన్నారు కూడా. తర్వాత రబ్బరు కాలిన వాసన, ఆ తర్వాత ఇంజను ఆగిపోయింది. బ్యాండువాళ్ళు మాత్రం ఆగలేదు. మా వెనక బాన్సువాడ బస్సు, దాని వెనక సగం ఎల్లారెడ్డి. తమ్ముడు నా చెవిలో మెల్లగా, "అన్నా, నేను గూడ దిగి నూకాల్నా?" అన్నాడు. చుట్టాలు తోశారు, నేను స్టీరింగు తిప్పాను. అందరికంటే ముందు భుజం పెట్టి తోసింది బాపు. తలెత్తి నా వైపు చూడలేదు. పందెం గెలిచినవాడు అంత చెమటోడ్చి తోస్తాడేమిటని మండిపోయాను.

మర్నాడు బానెట్ ఎత్తితే బ్యాటరీ తిప్పి ఉంది. ప్లస్ ఉండాల్సిన చోట మైనస్. నా అరుపులకు బాపు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నిన్న పొద్దుగాల నువ్వు తానం జేస్తుంటె నేనే సీద జేసిన," అన్నాడు. "చాచకు కండ్లు కనవడక ఉల్ట కట్టిండనుకున్న. నడుమల ఆగితే నీ కారు పోతదని."

ఏడాదిగా ఆ కారును వేలితో కూడా ముట్టని మనిషి, మొదటిసారి ముట్టింది నన్ను గెలిపించడానికి. అంతకంటే శుభ్రంగా ఎవరూ నన్ను ఓడించలేదు. ఆ తర్వాత ట్రాక్టరు మాట ఆయన ఎత్తలేదు. వారం తిరగకుండా ఎద్దుల కొమ్ములకు పూసే ఎర్రరంగు తెచ్చి, బానెట్ లోపల తన గుండ్రటి అక్షరాలతో 'భూమికి ప్లస్' అని రాశాడు.

2014లో నాకే ఓపిక అయిపోయి హైదరాబాదులో ఒకాయనకు అమ్మేశాను, ట్రాక్టరు తెచ్చాను. దాని బ్యాటరీ బిగించబోతే నా చెయ్యి ఇప్పటికీ ముందు ప్లస్‌నే బాడీ వైపు తీసుకుపోతుంది. కారు కొన్నాయన అమ్మిన నెలలోనే ఫోన్ చేశాడు. రంగు వేయిస్తున్నాను, లోపలేదో రాసి ఉంది, చెరిపేయమంటారా అని.

వద్దన్నాను. మా వంశంలో భూమికి ప్లస్ అని ఎవరైనా రాసింది ఆ ఒక్కచోటే.