ఇనుప పైపుల కిబ్లా

కొవిడ్ ఆంక్షలు సడలిన తర్వాతి చలికాలంలో నన్ను ఒమన్‌లోని అల్ అమెరాత్ ఆఫీసు నుంచి సమాయిల్ దగ్గరి ఒక పల్లెకు సైట్ ఇంజినీరుగా పంపారు. పని, మధ్యయుగం నాటి మట్టి మసీదు మరమ్మతు.

దానికి మినార్ లేదు. ఒమన్ లోపలి ఊళ్ల పాత మసీదులకు సాధారణంగా ఉండదు. అజాన్ ఇవ్వడానికి కప్పు మీదికి మెట్లు, మెట్ల పైన కుండ బోర్లించినట్టు చిన్న గుమ్మటం, అంతే. రెండు మూరల మందం మట్టి గోడలు, నాలుగు లావుపాటి స్తంభాలు, ఖర్జూరపు దూలాల కప్పు. పడమటి గోడలో మిహ్రాబ్, అంటే కిబ్లా, మక్కా ఉన్న దిక్కు, చూపే గూడు. దాని గచ్చు చెక్కడం నడుమ ఒక చైనా పింగాణీ గిన్నె పొదిగి ఉంది. ఊరివాళ్లు ఏడు వందల ఏళ్లనేవారు. మిహ్రాబ్ మీద చెక్కిన సంవత్సరం అంత పాతది కాదు. గోడలు ముందు, చెక్కడం తర్వాత అని రిపోర్టులో రాశాను.

మా నాన్న ప్రొద్దుటూరులో పేష్ ఇమాం, ముందు నిలబడి నమాజు చేయించేవాడు. ఖురాన్ నాకు ఆయన బెత్తం కింద వచ్చింది. మసీదులో తప్పు కనబడితే చూసీ చూడనట్టు పోయే అలవాటు లేదు. కనబడకపోతే వెతికే అలవాటు మాత్రం ఉండేది.

మరమ్మతుకు ముందు ప్రతి గోడ పొడవు, వాలు, దిక్కు ఫారంలో ఎక్కించాలి. సర్వే మిషన్ ఇబ్రి సైట్‌లో ఉంది కనుక చేతి కంపాస్‌తో చూశాను. మిహ్రాబ్ మక్కా దిక్కు నుంచి పదకొండు డిగ్రీలు ఉత్తరానికి తప్పింది. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అదే చోట నిలబడి.

తివాచీ మీది నమాజు వరసల గీతలను ఏటవాలుగా వేయించాలని పై ఆఫీసుకు ఉత్తరం తయారు చేశాను. అనుమతి వచ్చేలోగా నా నమాజు నేను వెనక వరసలో, ఎడమకు తిరిగి చేసుకున్నాను. అందరూ ఒకవైపు, నేనొక్కణ్ణి ఒకవైపు. పుణ్యం నాకు కాస్త ఎక్కువే వస్తోందనుకున్నాను.

మసీదు చూసుకునే ముసలాయన సాలిం, అరవై ఏళ్లుగా అక్కడే నమాజు చేయిస్తున్నవాడు, ఉత్తరం సంగతి విన్నాడు. యౌవనంలో బొంబాయిలో నేర్చుకున్న హిందీలో మెల్లగా అడిగాడు. ఇంజినీరును అక్కడ ముహందిస్ అంటారు.

“ముహందిస్, మా నాన్న నమాజులన్నీ ఏమైనట్టు?”

నేను మతగ్రంథాల్లోంచి పావుగంట జవాబు చెప్పాను. మర్నాటి నుంచి నమాజు చేయించడానికి తాను ముందు నిలబడనన్నాడు. బయట మెట్టు మీద కూర్చునేవాడు. ఉత్తరం గురువారం వెళ్లాలి.

బుధవారం జగిత్యాల మేస్త్రీ రాజన్న గచ్చు తాపీ పక్కన పెట్టి నా దగ్గరికొచ్చాడు.

“సార్, ఎనిమిది రోజులాయె, మీరు మొక్కేది మన టాయిలెట్ క్యాబిన్ దిక్కు. ఎరికేనా?”

ఆ క్యాబిన్ ఆవల మక్కా ఉందని చెప్పాను.

“ఆ సూది మక్కా దిక్కు సూస్తలేదు సార్. మన పైపుల దిక్కు సూస్తున్నది. నిన్న నేను పైపు మోసుకపోతాంటే నా ఎనకనే తిరిగింది.”

కప్పు కూలకుండా మిహ్రాబ్ చుట్టూ ఇనుప పైపులు నిలబెట్టించింది నేనే. గోడ వెంబడి దారం కట్టి, ఖర్జూరపు తోట దాకా లాగి, ఇనుము లేనిచోట చూశాను. తేడా రెండు డిగ్రీలు. దూరాన ఉన్నవాళ్లకు దిక్కు కుదిరితే చాలని మా నాన్న చిన్నప్పుడే నేర్పాడు.

ఉత్తరం చించేసి మెట్టు దగ్గరికి వెళ్లాను. తప్పు ఒప్పుకొని, ఆ ఎనిమిది రోజుల నమాజులు మళ్లీ చేసుకుంటానన్నాను.

“అక్కర్లేదు. నీకు తెలిసినంతలో వెతికావు, చెల్లుతుంది,” అన్నాడు సాలిం లేస్తూ. “ఆ క్యాబిన్‌ని మాత్రం అక్కణ్ణించి తీయించు.”

ఆ సాయంత్రం నమాజుకు ఆయన మళ్లీ ముందు నిలబడ్డాడు. క్యాబిన్ అప్పటికే జరిగింది.

అక్కడ నేను నేర్చుకున్నది ఒకటే: కొలిచిన గోడను అనుమానించేముందు కొలిచినవాడు ఎక్కడ నిలబడ్డాడో చూడాలి. రిటైరయ్యేదాకా నా ప్రతి ఫారంలో దిక్కు గడి పక్కన ఇంకో గడి గీసేవాణ్ణి, ఇనుము ఎంత దూరంలో ఉందో రాయడానికి.