కుండ మీద రికార్డు

నిన్న ఖిలా వరంగల్‌లో పాతసామాన్ల దుకాణంలో పిడికిలి బొమ్మ ఉన్న రికార్డు అట్ట చూశాను. నక్సలైట్ల కోసం పోలీసులు ఇల్లిల్లూ వెతికిన రోజులు మీకు యాదికున్నాయా?

మా అన్న డప్పులు దద్దరిల్లే ఇంగ్లీషు పాటల రికార్డులు ఏరి తెచ్చి, దోస్తు ఇంట్లో గ్రామఫోన్ మీద పెట్టి వినేవాడు. ఒకటి మా ఇంట్లోనే ఉండిపోయింది. దాని అట్ట మీదా ఇదే పిడికిలి. అది దొరికితే నక్సలైటని అన్నను పట్టుకుపోతారు.

ఇంటి ముందు పోలీసు జీపు ఆగగానే అమ్మ అట్టను పొయ్యిలో వేసి, రికార్డును నీళ్లకుండ మీద పెట్టింది. పోలీసాయన దాహమై తానే దాన్ని ఎత్తాడు.

"ఇదేందమ్మా?"

"మూత సారూ. పాతది పలిగింది."

"నడుమ బొక్కేంది?"

"గాలాడాలె గద సారూ."

తాగి వెళ్లిపోయాడు. అమ్మ పొద్దుగూకేదాకా ఆ మూత తీయలేదు.

నేను ఎవడికీ భయపడను. అయినా నిన్న దుకాణంలో ఆ అట్టను పిడికిలి కనబడకుండా బోర్లా పెట్టి వచ్చాను.