చక్రానికి పెట్టిన బొట్టు

ఇన్నేళ్లూ ఒక అబద్ధాన్ని గొంతులో పెట్టుకునే అన్నం మింగాను. ఇవాళ మీకు చెప్పేస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోంది.

మా బావ, అదే మా అక్క మొగుడు, ఆశపోతు కాడు. ముందు ఈ మాట రాయనివ్వండి. మోయలేనంత బట్ట సైకిలుకెత్తి చెయ్యి విరగ్గొట్టుకున్నాడని మా వాళ్లంతా అంటారు, మా అక్కతో సహా. వింటుంటే ఒళ్లు మండిపోతుంది. ఎవరి మీద మండాలి? ఆ మాట మొదట పుట్టించింది నేనేగా!

మాది బెజవాడ భవానీపురంలో చేనేత ఇల్లు. బావ తువ్వాళ్లు నేసి, సైకిలు మీద చల్లపల్లి వైపు ఊళ్లు తిరిగి అమ్మేవాడు. నాకు సైకిలు పందేల పిచ్చి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి ఇంటికి పోతున్న ఒక తెల్ల సోల్జరు దగ్గర అల్యూమినియం చక్రాల జత సంపాదించాను. ఒక్క వేలితో ఎత్తొచ్చు. రెండు పందేలు నెగ్గేసరికి కళ్లు నెత్తికెక్కాయి. బావ ఇనప చక్రాలు తుప్పుపట్టి వంకర్లు పోయాయి. కొత్తవి దొరకని రోజులవి. కొలత సరిపోయిందని నా చక్రాలే బిగించి ఇచ్చాను.

"ఏరా, ఇవి గాలికే ఎగిరేట్టున్నాయి. మూట మోస్తాయా?" అన్నాడు బావ.

"నీకేం తెలుసు బావా! తెల్లోడి సరుకు. పూచీ నాది" అన్నాను.

దసరాకి ఆయుధపూజ. మగ్గానికి బావ, సైకిలుకి నేను పసుపూ కుంకుమా పెడుతున్నాం. అప్పుడు కనిపించింది, ముందు చక్రంలో స్పోకు కన్నం పక్కన వెంట్రుకంత పగులు. చెప్పాలా? చెబితే ఇంటిల్లిపాదీ నవ్వుతారు, పూచీ పడ్డ మొనగాడు వీడేనా అని. ఛీ! ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉందేమోనని తర్వాత ఎన్నిసార్లు నాలో నేను వెతుక్కున్నానో. లేదు. పరువు, అంతే. సరిగ్గా ఆ పగులు మీద పసుపు దట్టంగా మెత్తి, పెద్ద కుంకుమ బొట్టు పెట్టాను.

బయల్దేరేముందు గుడ్డతో చక్రం తుడిచి, బొటనవేలితో చుట్టూ తడిమి చూసుకోవడం బావ అలవాటు. పూజ మర్నాడు ఉదయం గుడ్డ తీసి మళ్లీ లోపల పెట్టేశాడు. పూజ బొట్టు చెరపకూడదని. నేను అరుగు మీద నిలబడి చూస్తూనే ఉన్నాను. ఒక్కటంటే ఒక్క మాట అనలేకపోయానా?

బందరు కాలవ గట్టు మీద చక్రం విరిగింది. బావ కుడి మణికట్టు నుజ్జయింది. మగ్గంలో నాడె విసిరే చెయ్యి అది. మళ్లీ నెయ్యలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లతో నేనేమన్నానో తెలుసా? "అంత బరువేస్తే ఏ చక్రం ఆగుతుందండీ!" సిగ్గులేని వెధవని. బావ కూడా నా మాటే నమ్మాడు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, "నీ పందెం చక్రం పాడుచేశాన్రా, ఏమనుకోకు" అన్నాడు. నేను తలూపాను. పెద్ద మనసుతో క్షమించినట్టు!

బావ ఆశపోతు అన్న పేరుతోనే పోయాడు. మొన్న అక్క తన మనవడికి ఆ కథే చెబుతుంటే, అక్కడే కూర్చుని కాఫీ తాగాను. ఈ కాగితం తనకి చదివి వినిపించే ధైర్యం నాకుందా? ఏమో. మీరు మాత్రం నన్ను క్షమించకండి. రాసినంత సేపూ ఊపిరాడింది, అది చాలు. ఆ రోజు మూట ఎప్పటి మూటే. పగులు నేను చూశాను. చూసే బొట్టు పెట్టాను.